ఆయన కంటే పొడవైన చెక్క

యేసోబు ఫోన్ చేసేసరికి నేను గవర్నర్‌పేటలో ఇన్సూరెన్సు ఆఫీసు మెట్లు దిగుతున్నాను.

“సార్, అన్నయ్య పోయాడండి,” అన్నాడు. “పొద్దున కాలవ గట్టు మీద నడుస్తా నడుస్తా కూలబడ్డాడు. ఆటో వచ్చేలోపే అయిపోయింది.”

నేను మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ నన్ను తిట్టుకుంటూ తప్పుకుని పోతున్నారు. యేసోబు, “మీరు రాకుండా ఉండరని తెలుసండి. రండి. చెక్కలు మాత్రం తేవొద్దు,” అన్నాడు.

చావు కబురు చెబుతూ చెక్కలు తేవొద్దని ఎవరైనా అంటారా? ఆ పల్లెలో అంటారు. ఎందుకంటారో తెలియాలంటే పోయిన మనిషి సంగతి చెప్పాలి. పేరు చెప్పను. నలుగురిలో తన పేరు వినబడితే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడే మనిషిని పోయాక ఇబ్బంది పెట్టడం ఎందుకు?

నాకు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. పాత లారీ వస్తే ముందు దాని బాడీ విప్పుతాం. పుచ్చినవి, విరిగినవి, కోయగా మిగిలినవి షెడ్డు వెనక గుట్టగా పడుతుంటాయి. గుట్ట పెరిగితే పాములు చేరతాయి. ఎవడైనా బీడీ పారేస్తే నా బతుకు బుగ్గి. ఆ గుట్టని ముక్కలు చేసి పంపించడం ఆయన పని. ట్రాక్టర్ వెనక చిప్పర్ మిషన్ తగిలించుకుని కంకిపాడు అవతల నుంచి బందరు రోడ్డు మీద వచ్చేవాడు. ఇంజను వేస్తే ట్రాక్టర్ వెనకున్న షాఫ్టు తిరుగుతుంది, దాంతోపాటు మిషన్లో కత్తులు తిరుగుతాయి. ఈ పక్క నోట్లో చెక్క పెడితే ఆ పక్క మెడలోంచి బొటనవేలంత ముక్కలై ఎగిరి మినీ లారీలో పడతాయి. ఆ లారీ రైస్ మిల్లు వాళ్ళది. ముక్కలన్నీ మిల్లు బాయిలర్లోకి పోతాయి.

ఆరడుగుల పైన మనిషి. పల్లెలో ఏ ఇంటి గుమ్మమైనా ఆయనకి పొట్టిదే. వంగి వంగి భుజాల దగ్గర వంపు నిలిచిపోయి, ఆరుబయట కూడా తల కాస్త దించుకునే నడిచేవాడు. ఏళ్ళ తరబడి ఆ మోత పక్కన నిలబడటంతో చెవులు సగం పోయాయి. తనకి సరిగా వినబడదు కాబట్టి మనకీ వినబడదనుకునేవాడో ఏమో, రహస్యం చెప్పినా పక్క షెడ్డు వాళ్ళు తలలు తిప్పి చూసేవాళ్ళు. గేటు దగ్గర “ఓనరు గారండీ, వందనాలండీ” అన్నాడంటే నా మధ్యాహ్నం కునుకు అక్కడితో సరి.

మిషన్ వేసే ముందు ఆయనకో తంతు ఉండేది. భుజం మీది తువ్వాలు తీసి స్టీరింగుకి చుట్టేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ “తువ్వాళ్ళు తీసెయ్యండి” అని చెప్పేవాడు. జన్మలో తువ్వాలు వేసుకోని నాకూ చెప్పేవాడు. షాఫ్టుకి గుడ్డ చుట్టుకుంటే మనిషిని లాగేస్తుందని ఆయన భయం. తర్వాత జేబులోంచి అయస్కాంతం తీసేవాడు. వాళ్ళ చర్చిలో మైకు పాడైపోతే దాని స్పీకరు విప్పి తీసుకున్నది. దానికి తాడు కట్టి ప్రతి చెక్క మీదా ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించేవాడు. అది టక్కున అతుక్కున్న చోట మేకు ఉన్నట్టు. మేకు పీకి, రాయి మీద పెట్టి సుత్తితో సాపు చేసి, బిస్కెట్ల డబ్బాలో వేసుకునేవాడు.

“మేకు తగిలితే కత్తి పోద్దండి. కత్తి పోతే ఆ రోజు పోద్ది,” అనేవాడు.

ఇదంతా ఏ మిషన్ మనిషైనా చేసేదే. ఆయన ఒక్కడే చేసే పని ఇంకొకటుంది. పొడుగాటి చెక్క చేతికొస్తే దాన్ని నిలబెట్టి పక్కన తను నిలబడేవాడు. వంపు సరిచేసుకుని, మడమలు కలిపి, అరచెయ్యి నెత్తి మీద పెట్టి చెక్క మీదికి జరిపేవాడు. చెక్క తన కంటే పొట్టిదైతే మిషన్లోకి. పొడుగైతే పక్కకి. మొదటిసారి చూసి నేను ఊరుకోలేకపోయాను.

“ఏమయ్యా, చెక్కతో పెళ్ళిచూపులా?”

“పెట్టెకండి,” అని అరిచాడు. “మా పల్లెలో ఎవరన్నా పోతే పెట్టె కావాలి కదండీ. పట్నంలో కొనాలంటే మావాళ్ళ వల్ల ఏమవుద్ది? నాకంటే పొడుగున్న చెక్కయితే ఎవరికైనా సరిపోద్దండి. మా పల్లెలో నాకంటే పొడుగోడు లేడు.”

అలా ఏరిన చెక్కల్ని సాయంత్రం ట్రాక్టర్ పక్కన తాళ్ళతో కట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఇంటి వెనక రేకుల పాకలో పేర్చి ఉంచేవాడట. ఎవరింట్లో చావు జరిగినా ముందు పాస్టరుగారి దగ్గరికి ఒకరు, ఈయన దగ్గరికి ఒకరు పరిగెత్తేవాళ్ళు. ఆయనే కోసి, ఆయనే కొట్టి, ఆ బిస్కెట్ల డబ్బాలోని మేకులతోనే పెట్టె బిగించేవాడు. వడ్రంగం రాదు. పెట్టె ఒక్కటే వచ్చు.

ఎందుకిదంతా అని ఒకసారి అడిగాను. ఆ రోజు మాత్రం అరవలేదు. “మా అమ్మని చాపలో చుట్టి తీసుకెళ్ళామండి. ముసురు. దారిలో చాప తడిసి జారింది. కాళ్ళు బయటికొచ్చినాయి. నేను కాళ్ళ వైపు పట్టుకున్నాను,” అన్నాడు.

ఆయనకి ఒక్కతే కూతురు, రూతు. భార్య ఆ పిల్ల చిన్నప్పుడే పోయింది. రూతు కంకిపాడులో పసిపిల్లల బడిలో టీచరు. సెలవు రోజున విజయవాడ వస్తే నా షెడ్డుకి వచ్చి తండ్రి పని అయ్యేదాకా చెక్కల మీద కూర్చునేది. తండ్రి ఎంత గట్టిగా మాట్లాడతాడో ఈ పిల్ల అంత నెమ్మది. కానీ ప్రతి మాటా చురకే.

“మా నాన్న ఎవరింటికెళ్ళినా ముందు మనుషుల పొడుగు చూస్తాడండి,” అని నాతో చెప్పింది. “మా బళ్ళో హెడ్మిస్ట్రెస్ గారిని పైనుంచి కిందకి చూసి, ‘మంచి పొడుగండీ మీరు’ అన్నాడు. ఆవిడ సంతోషపడింది. నేను ఎక్కడ తల పెట్టుకోవాలో తెలీలేదు.”

ఆయనకి వినబడలేదు. మేము నవ్వుతున్నామని ఆయనా నవ్వాడు. ఆ ముగ్గురి నవ్వు నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే ఆ తర్వాత అలాంటిది లేదు.

రూతుకి మొహం ఉబ్బింది, తర్వాత కాళ్ళు. పరీక్షలు చేస్తే రెండు కిడ్నీలూ పనిచెయ్యడం లేదన్నారు. వారానికి మూడుసార్లు విజయవాడ వచ్చి రక్తం శుభ్రం చేయించుకోవాలి. తన కిడ్నీ తీసుకోమని ఆయన ఆస్పత్రికి వెళితే షుగరు ఉంది, పనికిరాదన్నారు. ఆ సాయంత్రం నా షెడ్డులో మొక్కు తీరని మనిషిలా కూర్చుని, “ఇంత ఒళ్ళు పెంచానండి. బిడ్డకి గుప్పెడంత ఇవ్వడానికి పనికిరాలేదు,” అన్నాడు. టీ తెప్పించాను. చక్కెర లేకుండా తెప్పించాలని కూడా తోచలేదు.

చనిపోయినవాళ్ళ కిడ్నీ దొరికితే ఇచ్చే వరసలో రూతు పేరు రాయించాడు. ఏ క్షణానైనా ఆస్పత్రి నుంచి ఫోన్ రావచ్చు, వస్తే వెంటనే వెళ్ళాలి, ఆలస్యమైతే వెనకున్నవాళ్ళని పిలుస్తారు. అప్పట్నుంచీ మిషన్ ముందు ఆయన తంతులో ఇంకోటి చేరింది. తువ్వాలు తీసి స్టీరింగుకి చుట్టడం, తర్వాత ఫోన్ తీసి రెండు చేతులతో నాకివ్వడం. “మోతలో నాకు వినబడదండి. వస్తే చెయ్యెత్తండి,” అనేవాడు. ఆయన చెక్కలు పెడుతూ మధ్యమధ్య నా వంక చూసేవాడు. నేను ఆ ఫోన్ పట్టుకుని నా షెడ్డులో నేనే కాపలావాడినై కూర్చునేవాణ్ణి. అది మోగేది. చెయ్యెత్తితే ఆయన ఇంజను ఆపి పరిగెత్తుకొచ్చేవాడు. తీరా చూస్తే లోను కావాలా అని ఎవరో అమ్మాయి. “వద్దమ్మా, వద్దు తల్లీ, ఫోన్ పెట్టెయ్, ఇంకో ఫోన్ రావాలి,” అని బతిమాలేవాడు. ఆ అమ్మాయిని తిట్టింది నేను.

ఒకళ్ళ బిడ్డ బతకాలంటే ఇంకొకళ్ళ బిడ్డ పోవాలి. ఆ సంగతి ఆయనకి నిద్ర లేకుండా చేసింది. “నేనేమని ప్రార్థన చెయ్యనండీ? ఎవరో ఒకరు పోవాలని చెయ్యనా?” అని అడిగాడు నన్ను. నేను గుడికే సరిగా వెళ్ళనివాణ్ణి.

డయాలసిస్ అయిన రోజున రూతు బస్సెక్కే ఓపిక వచ్చేదాకా నా ఆఫీసు గదిలో మడతమంచం మీద పడుకునేది. అలాంటి ఒక మధ్యాహ్నం లేచి బయటికి వచ్చింది. చేతికి ప్లాస్టరు అలాగే ఉంది. తండ్రి ఒక మద్ది చెక్క కొలుచుకుని పక్కన పెట్టాడు. ఆయన కంటే పొడుగ్గా ఉంది, ఒక వైపు నీలం రంగు, దాని మీద ఎవరో పెయింటరు వేసిన తామరపువ్వు సగం. ఈ పిల్ల ఆ చెక్కని గోడకి నిలబెట్టి దాని పక్కన తను నిలబడింది. అచ్చం తండ్రిలాగే మడమలు కలిపి, నెత్తి మీద అరచెయ్యి పెట్టి, చెక్క మీదికి జరిపింది.

“నాకైతే చాలా మిగులుద్ది నాన్నా,” అంది. “చివర కోసి ఓనరు గారికి పీట చేయించు.”

హాస్యానికే అంది. ఆ పిల్ల హాస్యమెప్పుడూ అంతే. నేను కూడా నవ్వబోయాను. ఆయనకి వినబడిందో లేదో తెలియదు, చూడటం మాత్రం చూశాడు. వచ్చి కూతురి చేతిలోంచి ఆ చెక్క లాక్కున్నాడు. అయస్కాంతం తియ్యలేదు. తువ్వాలు భుజం మీదే ఉంది. కర్రతో తొయ్యాల్సింది చేత్తోనే చెక్కని మిషన్ నోట్లోకి తోశాడు. నేను అరిచాను, ఆయన నా వంక చూడలేదు. చెక్క సగం లోపలికి పోయాక మిషన్ కీచుమంది. నా పళ్ళు జివ్వుమన్నాయి. మేకు కత్తికి తగిలింది.

మా మేస్త్రి దూకి ఇంజను ఆపాడు. నిశ్శబ్దంలో ఆయన ఆ సగం చెక్కని రెండు చేతులా పట్టుకుని ఇంకా లోపలికి తోస్తూనే ఉన్నాడు.

“నాన్నా, ఆగిపోయింది నాన్నా,” అంది రూతు.

ఆ రోజుతో ఆయన కొలవడం మానేశాడు. కత్తి మార్పించుకుని వచ్చిన రోజున మిల్లు మినీ లారీ అప్పటికే సగం నిండి ఉంది. వాళ్ళ ఊర్లోనే ఏదో నింపుకొచ్చారనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే ఆ ముక్కల మీద రంగులున్నాయి. ఎరుపు, నీలం, పసుపు, అక్కడక్కడా నెమలి ఈక, అక్షరం తోక. అవి నా లారీల బాడీలు. ఏళ్ళ తరబడి ఆయన కొలిచి, ఏరి, కట్టుకుని తీసుకెళ్ళిన పొడుగు చెక్కలు. పాకలో ఉన్నవాటినన్నిటినీ మిషన్లో పెట్టేశాడు.

“ఇదేంటయ్యా?” అన్నాను.

“ఉంటే వాడకం వస్తదండి,” అన్నాడు.

“నువ్వు కూడా ఇలాంటివి నమ్ముతావా? మీ పాస్టరుగారు వింటే ఏమంటారు?”

“నమ్మకం కాదండి. భయం.”

తర్వాత ఎంత పొడుగు చెక్క వచ్చినా చూడకుండా ముక్కలు చేసేవాడు. నాకు ఒళ్ళు మండి రెండు మంచి చెక్కలు తీసి నా గదిలో దాస్తే, “నా కళ్ళముందు ఉంచకండి, మీకు దణ్ణం పెడతాను,” అన్నాడు. నిజంగానే దణ్ణం పెట్టాడు. అంత మనిషి నా ముందు చేతులు జోడిస్తే నేనేం చెయ్యను, తెచ్చిచ్చాను. అవి కూడా పోయాయి.

ఆ వానాకాలం వాయుగుండం పట్టింది. కాలవ గట్లు తెగుతాయని బస్సులు ఆపేశారు. నాలుగు రోజులు వీళ్ళెవరూ రాలేదు. రూతుకి ఒక డయాలసిస్ తప్పింది. వాన తెరిపివ్వగానే ట్రాక్టర్ మీదే కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆస్పత్రి నుంచి నా షెడ్డుకి వచ్చాక ఆ పిల్ల మంచం మీద పడుకోలేదు. కూర్చుని, తండ్రిని ఎదురుగా నిలబెట్టి, నాతో చెప్పింది.

“సారమ్మ నానమ్మ పోయిందండి. యేసోబు బాబాయి వాళ్ళమ్మ. పక్కిల్లే. బాబాయి వానలో వచ్చి చెక్కలడిగాడు. మా నాన్న లేవన్నాడు. పట్నం వెళ్ళడానికి దారి లేదు. చాపలో చుట్టి తీసుకెళ్ళారు. పల్లెలో చాపలో వెళ్ళినవాళ్ళు మా సొంత నానమ్మ తర్వాత ఆవిడేనంట.”

ఆయన గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. నా ఆఫీసు గుమ్మం కూడా ఆయనకి పొట్టిదే.

“నాన్నా, నువ్వు చెక్కలన్నీ ముక్కలు చేస్తే నేను బతుకుతానా?” అంది రూతు. గట్టిగానే అంది, ఆయనకి వినబడేలా.

“బతుకుతావు,” అన్నాడు.

“నాన్నా.”

“బతుకుతావమ్మా. నేను పెట్టె కొట్టను. ఇంక ఎవరికీ కొట్టను.”

ఆ పిల్ల నా వంక చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. తండ్రికి తనేమీ చెయ్యలేనని తెలిసిపోయిన చూపు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన బయటికి వచ్చి, ఫోన్ నా చేతికిచ్చి, మిషన్ వేశాడు.

ఆ ఫోన్ రాలేదు. చలికాలం మొదట్లో ఒక ఉదయం, రూతు పోయిందని యేసోబు నాకు ఫోన్ చేశాడు. మా మేస్త్రిని లేపి, షెడ్డులో ఉన్నవాటిలో మంచి చెక్కలు, కొత్తవి, ట్రాలీ ఆటోలో వేయించుకుని బయల్దేరాను.

వెళ్ళేసరికి వాకిట్లో జనం ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. అందరూ ఒకే వైపు చూస్తున్నారు. పక్కింటి యేసోబు తన ఇంటి తలుపు ఊడదీసి వీపు మీద మోసుకొచ్చి అరుగుకి ఆనించాడు. ఒంటిరెక్క తలుపు, వేపచెక్కది. బందులు ఇంకా వేలాడుతున్నాయి. అవతల అతని ఇంటి గుమ్మం నోరు తెరుచుకుని ఉంది, లోపల పొయ్యి, గిన్నెలు, మంచం అన్నీ కనబడుతున్నాయి.

ఆయన ఆ తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

“నాకొద్దురా,” అన్నాడు. “సారమ్మ పిన్నికి నేనివ్వలేదు.”

“పొడుగు సరిపోద్ది అన్నయ్యా. రూతు నీ అంత పొడుగు కాదుగా,” అన్నాడు యేసోబు.

“తీసుకెళ్ళి బిగించుకోరా. నీకు దణ్ణం పెడతాను.”

“అమ్మ సంగతి వదిలెయ్ అన్నయ్యా. రూతు ఏ రోజన్నా ఈ తలుపు కొట్టి లోపలికొచ్చిందా? తోసుకునే వచ్చేది. ఇది దాని తలుపే.”

ఆయన జేబులో చెయ్యి పెట్టి అయస్కాంతం తీశాడు. తాడు పట్టుకుని తలుపు మీద పైనుంచి కిందకి నడిపించాడు. అలవాటు అది, ఆ చేతులకి తెలిసింది అదొక్కటే. బందు దగ్గర అయస్కాంతం టక్కున అతుక్కుంది. దాన్ని లాగబోయి లాగలేక, తలుపుకి తల ఆనించి, ఆ పెద్ద గొంతుతో ఏడ్చాడు. ఆ ఏడుపు కాలవ అవతలి గట్టు దాకా వినబడి ఉంటుంది. నేను ఆయన్ని పట్టుకోవడానికి వెళ్ళాను గానీ నా చెయ్యి ఆయన భుజం దాకా కూడా అందలేదు. వీపు మీద పెట్టి నిలబడ్డాను.

తలుపు అడుగున వేశారు. నేను తెచ్చినవి పక్కలకీ మూతకీ వాడారు. ఆయన కొట్టలేదు. మా మేస్త్రి కొట్టాడు.

కొన్ని వారాలకి మళ్ళీ గేటు దగ్గర ట్రాక్టర్ ఆగింది. వందనాలు అనలేదు. తువ్వాలు తీసి స్టీరింగుకి చుట్టాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి ఫోన్ తీసి రెండు చేతులతో ఇచ్చాడు. నేను తీసుకున్నాను. ఇద్దరం ఆ ఫోన్ వంక చూశాం. ఆయన దాన్ని నా చేతిలోంచి మెల్లగా వెనక్కి తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ రోజు ఎంతసేపు పని చేశాడో ఏమో, నేను మాత్రం గదిలోంచి బయటికి రాలేదు.

కొలవడం మళ్ళీ మొదలైంది. పొడుగువి పక్కన పెట్టడం, కట్టుకుని తీసుకెళ్ళడం, పల్లెలో ఎవరైనా పోతే పెట్టె కొట్టడం, అన్నీ మొదలయ్యాయి. అందులో ఆయనకి ఊరటేమీ ఉన్నట్టు లేదు. చెక్క పక్కన నిలబడి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, ఎందుకు నిలబడ్డాడో మర్చిపోయినట్టు అలాగే ఉండిపోయేవాడు. ఎవరైనా పిలిస్తే చెయ్యి దించేవాడు.

ఒక్క పని మీద మాత్రం ఆయన మనసు పడింది. యేసోబు ఇంటికి తలుపు. అతను గుమ్మానికి గోనెపట్టా కట్టుకుని, “గాలి బానే వస్తంది అన్నయ్యా” అంటున్నాడట.

“మా మేస్త్రి చేస్తాడయ్యా, ఒక పూట పని,” అన్నాను.

“నేను చెయ్యాలండి.”

“నీకు రాదు కదా.”

“వస్తదండి.”

రాలేదు. చెక్కలు జత చేసి, అడ్డపట్టీలు కొట్టి, నిలబెట్టి చూసుకుంటే అది తలుపులా ఉండేది కాదట. నాతో చెప్పేటప్పుడు ఆయన గొంతు మళ్ళీ చిన్నదైంది. “ఎట్టా కొట్టినా పెట్టె మూతలాగే వస్తందండి. ఈ చేతులకి అదే వచ్చండి. వాడి గుమ్మానికి పెట్టె మూత బిగించనా?” చేసిన ప్రతిదాన్నీ విప్పి, మేకులు పీకి, ముక్కలు చేసి, మళ్ళీ మొదటి నుంచి చేసేవాడు. మా షెడ్డుకి వచ్చినప్పుడు నా గది తలుపుని తడిమి చూసేవాడు. వన్ టౌన్లో పాత కలప అడితీలన్నీ తిరిగి, అక్కడ గోడలకి ఆనించిన పాత తలుపుల ముందు గంటలకొద్దీ నిలబడేవాడని ఆ అడితీ వాళ్ళే నాకు చెప్పారు. కొనడానికి కాదు, చూడటానికి.

అదీ ఆయన కథ. ఇక యేసోబు ఫోన్ దగ్గరికి వస్తాను.

చెక్కలు తేవొద్దన్నాడు. నాకు ఎవరైనా ఒకటి వద్దంటే అదే చెయ్యాలనిపిస్తుంది. గవర్నర్‌పేట నుంచి నేరుగా షెడ్డుకి వెళ్ళి చెక్కలు వేయించుకుని, మేస్త్రిని ఎక్కించుకుని వెళ్ళాను. ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. పడుకుంటే ఆ భుజాల వంపు పోయింది. నేనెప్పుడూ చూడనంత పొడుగ్గా ఉన్నాడు. కాళ్ళు అరుగు దాటి బయటికి వచ్చాయి, ఎవరో వాటి కింద పీట పెట్టారు.

పక్కన గోడకి ఒక తలుపు ఆనించి ఉంది.

“అన్నయ్య చేసిందండి,” అన్నాడు యేసోబు. “మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక బిగించాడు. ఇందాక ఊడదీశాను. అందుకే చెక్కలొద్దన్నాను.”

“నీకు బుద్ధుందా?” అన్నాను. “ఆ మనిషి ఎన్నిసార్లు విప్పి ఎన్నిసార్లు చేశాడో తెలుసా నీకు? తీసుకెళ్ళి బిగించు.”

“నా బిడ్డలకి ఏం చెప్పమంటారండి? పెదనాన్న పోతే తలుపేసుకుని కూర్చున్నానని చెప్పనా?” అన్నాడు. అతను ఏడుస్తూనే నా మీద కోప్పడుతున్నాడు. “రూతుకి ఇచ్చాను. ఆయనకి ఇవ్వకపోతే ఎట్టాగండి?”

మా మేస్త్రి ఈ గొడవలోకి రాకుండా తాడు తీసి అరుగు మీద కొలిచాడు. తర్వాత తలుపుకి పెట్టి చూశాడు. మళ్ళీ కొలిచాడు.

“చాల్దు,” అన్నాడు. “జానెడు తక్కువుంది.”

యేసోబు నమ్మలేదు. తనే తలుపు ఎత్తి తెచ్చి ఆయన పక్కన అరుగు మీద పరిచాడు. ఆయన తల దగ్గర సరిచేసి పెడితే కాళ్ళు దాటి వచ్చాయి. కాళ్ళ దగ్గర సరిచేస్తే తల దాటి వచ్చింది. ఆ గుమ్మంలో ఆయన ఎప్పుడూ వంగే కదా వెళ్ళేవాడు. ఆ గుమ్మానికి సరిపోయే తలుపు ఆయనకెలా సరిపోతుంది? ఆయన కంటే పొట్టి చెక్క పెట్టెకి పనికిరాదు. ఆ నియమం ఆయనదే.

యేసోబు తలుపు మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆఖరికి లేచి, దాన్ని వీపు మీద వేసుకుని, తన ఇంటి వైపు నడిచాడు.

నా చెక్కలన్నీ ఆయన కంటే పొడుగే. మా మేస్త్రి చివరలు కోశాడు. మేకులు పాకలోని బిస్కెట్ల డబ్బాలోంచి తీసుకున్నాం. అన్నీ సాపు చేసి ఉన్నాయి.

సమాధుల దొడ్డి నుంచి వెనక్కి వచ్చేసరికి పొద్దు వాలింది. ఆటో ఎక్కబోతుంటే యేసోబు పిలిచాడు. తలుపు బిగించి, లోపలి నుంచి మూసి, “పడతందో లేదో చూడండి సార్,” అంటున్నాడు. నేను వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడ్డాను. అంచులు సమంగా లేవు. ఒక అడ్డపట్టీ మీద పాత లారీ ఎరుపు ఇంకా ఉంది. కానీ పెట్టె మూతలా లేదు. తలుపులాగే ఉంది.

“కొట్టక్కర్లేదండి. తొయ్యండి,” అన్నాడు లోపల్నుంచి.

తోశాను. నా పొడుగుకి ఆ గుమ్మంలో వంగాల్సిన పని లేదు. వంగే లోపలికి వెళ్ళాను.